కారు సబ్‌వూఫర్‌కి యాంప్ కొనే ముందు ఈ 'ఓమ్స్' లెక్క చూసుకోండి

గత దసరాకి రెండు రోజుల ముందు, రాత్రి పదకొండున్నరకి హన్మకొండ నుంచి మా పిన్ని కొడుకు ఫోన్ చేశాడు. "అన్నా, బేస్ పది నిమిషాలు మస్తు కొట్టింది. ఇప్పుడు యాంప్ మీద ఎర్ర లైట్ వస్తాంది, పాట ఆగిపోయింది" అన్నాడు. వాడిది సెకండ్ హ్యాండ్ స్విఫ్ట్. ఎనిమిది నెలలు జీతంలోంచి మిగిల్చి రెండు 12 అంగుళాల సబ్‌వూఫర్లు, ఒక మోనోబ్లాక్ యాంప్ కొన్నాడు. బాక్స్, వైర్లు, ఫిట్టింగ్ అన్నీ కలిపి 38 వేలు అయ్యాయి. పండక్కి ఫ్రెండ్స్‌ని ఎక్కించుకుని తిరగాలని వాడి ప్లాన్.

"ఆఫ్ చేసి వదిలెయ్ రా, పొద్దున్నే చూద్దాం" అన్నాను. వింటాడా? ఆఫ్ చేశాడు, ఆన్ చేశాడు, మళ్లీ ఆఫ్, మళ్లీ ఆన్. మూడోసారికి డిక్కీలోంచి కాలిన వాసన వచ్చింది. ఈసారి ఎర్ర లైట్ కూడా వెలగలేదు.

మర్నాడు వెళ్లి చూస్తే యాంప్‌లో లోపం లేదు, సబ్‌వూఫర్లలోనూ లేదు. రెండూ మంచి సరుకే. ఆ రెండిటినీ కలిపిన పద్ధతిలోనే తేడా ఉంది. యాంప్ మీద '1 ఓమ్ స్టేబుల్' అని స్పష్టంగా రాసుంది. ఫిట్ చేసినాయన వైర్లు కలిపిన తీరుకి ఆ యాంప్‌కి కనిపించింది అర ఓమ్. ఈ ఒక్క అంకె దగ్గరే వాడి పండగ పోయింది.

ఫోన్ కొనేటప్పుడు ప్రాసెసర్, ర్యామ్, చార్జింగ్ వాట్స్ అన్నీ మనం పోల్చి చూస్తాం. కార్ ఆడియో దగ్గరికి వచ్చేసరికి మాత్రం 'ఎన్ని వాట్స్ బాస్?' అనే ఒక్క ప్రశ్నతో ఆగిపోతాం. నిజానికి ముందు అడగాల్సింది వాట్స్ కాదు, ఓమ్స్.

అసలు ఓమ్ అంటే ఏంటి?

సబ్‌వూఫర్ కోన్ వెనక ఒక చిన్న గొట్టం ఉంటుంది, దాని చుట్టూ సన్నటి తీగ చుట్టి ఉంటుంది. అదే వాయిస్ కాయిల్. యాంప్ పంపే కరెంట్ ఈ తీగలోంచి వెళ్లినప్పుడు కాయిల్ అయస్కాంతం మధ్యలో ముందుకీ వెనక్కీ కదులుతుంది, దాంతోపాటు కోన్ కదులుతుంది. కరెంట్ ప్రవాహానికి ఆ కాయిల్ ఎంత అడ్డుపడుతుందో చెప్పే కొలతే ఓమ్స్.

ఇంటి మీద వాటర్ ట్యాంక్ ఊహించుకోండి. ట్యాంక్ ఎంత ఎత్తులో ఉందన్నది వోల్టేజ్. పైపు ఎంత సన్నగా ఉందన్నది ఓమ్స్. పైపులోంచి వచ్చే ధార కరెంట్. పైపు సన్నగా ఉంటే (ఎక్కువ ఓమ్స్) ధార తక్కువ. అదే ట్యాంక్‌కి రెండు పైపులు పక్కపక్కన పెడితే ధార రెట్టింపు. నాలుగు పైపులు పెడితే ఇంకా ఎక్కువ, కానీ ట్యాంక్ కూడా అంతే తొందరగా ఖాళీ అవుతుంది. ఈ నాలుగు పైపుల సంగతి గుర్తుపెట్టుకోండి, మా తమ్ముడి కారులో జరిగింది అదే.

పదో తరగతి ఫిజిక్స్‌లో ఓమ్ నియమం చదివే ఉంటారు. అక్కడ దాన్ని నిరోధం అన్నారు. ఇక్కడ ఇంపిడెన్స్ అంటున్నాం. రెండూ ఒకటేనా? పూర్తిగా కాదు. నిరోధం అంటే బ్యాటరీలాంటి డీసీ కరెంట్‌కి తీగ పెట్టే అడ్డు. పాట అంటే డీసీ కాదు, సెకనుకి పదులసార్లు, వందలసార్లు దిశ మార్చుకునే ఏసీ సిగ్నల్. కాయిల్, అయస్కాంతం, కోన్ కదలిక అన్నీ కలిసి ఆ ఏసీకి పెట్టే మొత్తం అడ్డే ఇంపిడెన్స్. అది ఫ్రీక్వెన్సీని బట్టి మారుతూ ఉంటుంది. 4 ఓమ్స్ అని రాసిన సబ్‌వూఫర్ ఒక ఫ్రీక్వెన్సీ దగ్గర నిజంగానే నాలుగుకి దగ్గరగా ఉంటుంది, దాని రెజొనెన్స్ దగ్గర మాత్రం 20, 30 ఓమ్స్ దాకా ఎగబాకుతుంది. పెట్టిన బాక్స్‌ని బట్టి కూడా మారుతుంది.

మరి డబ్బా మీద ఒకే అంకె ఎందుకు వేస్తారు? అది 'నామినల్' విలువ, అంటే లెక్క కోసం పెట్టుకున్న పేరు. ఐఈసీ ప్రమాణం ప్రకారం, స్పీకర్ పనిచేసే రేంజ్ మొత్తంలో ఇంపిడెన్స్ ఎక్కడా ఆ నామినల్ విలువలో 80 శాతం కంటే కిందికి దిగకూడదు. అంటే 4 ఓమ్స్ స్పీకర్ 3.2 దాకా దిగొచ్చు. యాంప్‌కి ప్రమాదం వచ్చేది ఇంపిడెన్స్ పైకి పోయినప్పుడు కాదు, కిందికి దిగినప్పుడు. కాబట్టి మన లెక్కలన్నిటికీ ఈ నామినల్ అంకె చాలు.

మల్టీమీటర్ పెట్టి చూస్తే 4 ఓమ్స్ కాయిల్ 3.4 అనో 3.6 అనో చూపిస్తుంది. 'డూప్లికేట్ అంటగట్టాడు' అని షాపు మీదికి వెళ్లకండి. మీటర్ కొలిచేది డీసీ నిరోధం, అది నామినల్ కంటే కొంచెం తక్కువే ఉంటుంది.

ఓమ్స్ తగ్గితే వాట్స్ ఎందుకు పెరుగుతాయి?

ఫోన్‌లో కాల్క్యులేటర్ తీయండి. వోల్టేజ్‌ని వోల్టేజ్‌తో గుణించి, ఓమ్స్‌తో భాగిస్తే వాట్స్ వస్తాయి. యాంప్ అవుట్‌పుట్ 20 వోల్టులు అనుకుందాం. 4 ఓమ్స్ సబ్ పెడితే 400 ÷ 4, అంటే 100 వాట్స్. లాగే కరెంట్ 5 ఆంప్స్. అదే 20 వోల్టులకి 2 ఓమ్స్ పెడితే 200 వాట్స్, 10 ఆంప్స్. 1 ఓమ్ పెడితే 400 వాట్స్, 20 ఆంప్స్.

ఇక్కడే అందరికీ ఆశ పుడుతుంది. అదే యాంప్, అదే డబ్బు, వైర్లు వేరేలా కలిపితే చాలు, వాట్స్ రెట్టింపు! అలాంటప్పుడు అర ఓమ్ పెడితే 800 వాట్స్ రావాలి కదా? కాగితం మీద వస్తాయి. కానీ అప్పుడు 40 ఆంప్స్ కావాలి. యాంప్ లోపలుండే మాస్‌ఫెట్లకి, దాని పవర్ సప్లైకి ఒక హద్దు ఉంటుంది. పైగా కరెంట్ రెట్టింపైతే ఆ భాగాల్లో పుట్టే వేడి రెట్టింపు కాదు, నాలుగు రెట్లు. 1 ఓమ్‌కి డిజైన్ చేసిన యాంప్‌కి అర ఓమ్ చూపిస్తే ముందు ప్రొటెక్ట్ మోడ్‌లోకి వెళ్తుంది. అదే ఆ ఎర్ర లైట్. అది బతిమాలుతున్నట్టు లెక్క. పదే పదే ఆన్ చేస్తే ఇక బతిమాలదు.

మీ యాంప్‌కి కూడా ఎర్ర లైట్ వస్తే వెంటనే ఆఫ్ చేయండి. స్పీకర్ వైర్లు యాంప్ నుంచి పూర్తిగా పీకేసి అప్పుడు ఒక్కసారి ఆన్ చేయండి. లైట్ మామూలుగా వస్తే గొడవ సబ్‌వూఫర్ వైపు ఉంది: ఓమ్స్ తప్పో, ఎక్కడైనా వైర్ తెగి బాడీకి తగులుతోందో, కాయిల్ కాలిందో. వైర్లు తీశాక కూడా ఎర్ర లైటే వస్తే యాంప్‌లోనో, దానికొచ్చే పవర్, ఎర్త్ వైర్లలోనో సమస్య. ఈ రెండు నిమిషాల పరీక్ష ఆ రాత్రి ఫోన్‌లోనే వాడికి చెప్పి ఉంటే మూడున్నర వేల రిపేర్ తప్పేదని నాకిప్పటికీ అనిపిస్తుంది.

హెడ్‌ఫోన్స్ పిచ్చి ఉన్నవాళ్లకి ఇక్కడ ఒక అనుమానం రావాలి. సెన్‌హైజర్ హెచ్‌డీ 600 ఇంపిడెన్స్ 300 ఓమ్స్. దాన్ని ఫోన్‌కి పెడితే సౌండ్ సరిపోదు, వేరే యాంప్ కావాలంటారు. అక్కడ ఓమ్స్ ఎక్కువైతే కష్టం, ఇక్కడ తక్కువైతే కష్టం అంటున్నారేంటి? సూత్రం ఒకటే. ఫోన్ ఇచ్చే వోల్టేజ్ చాలా తక్కువ, కాబట్టి 300 ఓమ్స్‌లోంచి తోసే శక్తి దానికి లేదు. సౌండ్ తక్కువ వస్తుందంతే, ఏదీ కాలిపోదు. కార్ యాంప్‌కి కూడా ఎక్కువ ఓమ్స్ పెడితే జరిగేది అదే: వాట్స్ తగ్గుతాయి, యాంప్ చల్లగా ఉంటుంది.

స్టీరియో మీద '50 వాట్స్ × 4' కథ

ఒక చిన్న పక్కదారి. కారు స్టీరియో ఏ కంపెనీది తీసుకున్నా దాదాపు అన్నిటి మీదా ఇదే అంకె ఎందుకుంటుందో ఎప్పుడైనా ఆలోచించారా? ఇంజిన్ ఆన్‌లో ఉన్నప్పుడు కారు వోల్టేజ్ సుమారు 14.4. మామూలు స్టీరియోలో ఆ వోల్టేజ్‌ని పెంచే సర్క్యూట్ ఉండదు. 14.4ని 14.4తో గుణించి 4 ఓమ్స్‌తో భాగించండి: 51.8. అదే ఆ 50 వాట్స్. సిగ్నల్ పూర్తిగా పగిలిపోయి చదరపు అల అయిపోయినప్పుడు వచ్చే లెక్క అది. శుభ్రంగా వినగలిగే సిగ్నల్‌కి లెక్క వేస్తే అందులో సగం, ఆచరణలో ఇరవైకి అటూ ఇటూ. సబ్‌వూఫర్‌కి వేరే యాంప్ కావాల్సింది ఇందుకే. యాంప్ లోపల 12 వోల్టులని పెద్ద వోల్టేజ్‌గా మార్చే పవర్ సప్లై ఉంటుంది.

ఇదే ధోరణిలో సబ్‌వూఫర్ డబ్బా మీద '1200 వాట్స్ మ్యాక్స్' అని పెద్ద అక్షరాలతో వేసి, లోపల మాన్యువల్‌లో చిన్నగా '300 వాట్స్ ఆర్‌ఎంఎస్' అని రాస్తారు. మీకు కావాల్సింది రెండోదే. యాంప్ విషయంలో సీఈఏ-2006 రేటింగ్ ఉంటే నమ్మొచ్చు: 14.4 వోల్టుల దగ్గర, 4 ఓమ్స్ మీద, డిస్టార్షన్ 1 శాతం దాటకుండా కొలిచిన అంకె అది. ఆ రేటింగ్ లేకపోతే యాంప్ మీద ఫ్యూజులు చూడండి, అవి అబద్ధం చెప్పవు. మా తమ్ముడి యాంప్ మీద 30 ఆంప్స్ ఫ్యూజులు మూడున్నాయి, మొత్తం 90. దాన్ని 13.8 వోల్టులతో గుణిస్తే 1242 వాట్స్ లోపలికి. క్లాస్ డీ యాంప్ కాబట్టి అందులో సుమారు 80 శాతం బయటికి, అంటే వెయ్యికి దగ్గర. కంపెనీ చెప్పింది కూడా 1 ఓమ్ దగ్గర 1000 వాట్స్ ఆర్‌ఎంఎస్. నిజాయితీ గల యాంపే. అదే '3000 వాట్స్' అని రాసి 30 ఆంప్స్ ఫ్యూజ్ ఒక్కటే ఉంటే నవ్వుకుని పక్కన పెట్టేయండి.

డీ2, డీ4: అసలు తికమక ఇక్కడే

కొన్ని సబ్‌వూఫర్లలో ఒకే వాయిస్ కాయిల్ ఉంటుంది, బయటికి రెండే టెర్మినల్స్. ఎక్కువ పవర్ సబ్‌వూఫర్లలో చాలావాటికి రెండు కాయిల్స్, నాలుగు టెర్మినల్స్. మోడల్ పేరులోనే డీ2 అనో డీ4 అనో ఉంటుంది. రాక్‌ఫోర్డ్ ఫాస్‌గేట్ పీ3డీ2-12, పీ3డీ4-12 అని ఒకే సబ్‌వూఫర్‌ని రెండు రకాలుగా అమ్ముతుంది. పయొనీర్ టీఎస్-ఏ300డీ4లో చివర ఉన్నదీ అదే. డీ4 అంటే రెండు కాయిల్స్, ఒక్కోటి 4 ఓమ్స్. డీ2 అంటే ఒక్కోటి 2 ఓమ్స్.

'డీ4 ఎక్కువ పవర్‌ఫుల్లా, డీ2నా?' అని చాలామంది అడుగుతారు. రెండూ ఒకటే. సౌండ్ కూడా దాదాపు ఒకటే. తేడా అంతా మీ యాంప్‌కి ఏది కుదురుతుందన్నదాంట్లోనే.

కలపడానికి రెండు దారులు. మొదటిది శ్రేణి, షాపుల్లో సిరీస్ అంటారు: ఒక కాయిల్ మైనస్‌ని రెండో కాయిల్ ప్లస్‌కి కలిపి, మిగిలిన రెండు చివరలు యాంప్‌కి ఇస్తారు. ఓమ్స్ కూడుకుంటాయి. డీ4 అయితే 4 + 4 = 8. డీ2 అయితే 4. రెండోది సమాంతరం, అంటే పారలల్: ప్లస్‌లన్నీ ఒకచోట, మైనస్‌లన్నీ ఒకచోట. సమానమైన కాయిల్స్ అయితే ఓమ్స్‌ని కాయిల్స్ సంఖ్యతో భాగిస్తే సరి. డీ4 అయితే 4 ÷ 2 = 2. డీ2 అయితే 1.

అంటే ఒక డీ4 సబ్‌వూఫర్‌తో మీకు దొరికేవి 2 లేదా 8 మాత్రమే. ఒక డీ2తో 1 లేదా 4. ఒకే డీ4 కొని '1 ఓమ్ దగ్గర 1000 వాట్స్' యాంప్ తెచ్చుకుంటే ఆ వెయ్యి ఎప్పటికీ రాదు, 2 ఓమ్స్ దగ్గర ఎంతిస్తుందో అంతే.

ఇప్పుడు రెండు సబ్‌వూఫర్ల సంగతి. రెండు డీ4లు, మొత్తం నాలుగు కాయిల్స్. అన్నీ పారలల్ పెడితే 4 ÷ 4 = 1 ఓమ్. లేదా ఒక్కో సబ్‌లో రెండు కాయిల్స్ సిరీస్ (8), ఆ రెండు సబ్స్ పారలల్: 4 ఓమ్స్. రెండు డీ2లు అయితే అన్నీ పారలల్ పెట్టినప్పుడు 2 ÷ 4 = 0.5. ఒక్కో సబ్‌లో కాయిల్స్ సిరీస్ (4), ఆపైన సబ్స్ పారలల్: 2 ఓమ్స్.

మా వాడు కొన్నవి రెండు డీ2లు. ఫిట్ చేసినాయన రోజూ చేసే అలవాటుతో అన్ని ప్లస్‌లు కలిపి, అన్ని మైనస్‌లు కలిపి బిగించేశాడు. ఆయన ఎక్కువగా ఫిట్ చేసేవి డీ4లేమో, వాటికి ఆ పద్ధతి సరిపోతుంది. వీడికి కూడా ఓమ్స్ గురించి తెలియదు, '12 ఇంచ్, రెండు' అని చెప్పి తెచ్చుకున్నాడు. ట్యాంక్‌కి నాలుగు పైపులు.

అందుకే సబ్‌వూఫర్ కొనే ముందే మూడు విషయాలు తేల్చుకోవాలి: ఎన్ని సబ్స్, యాంప్ కనీసం ఎన్ని ఓమ్స్ తట్టుకుంటుంది, అక్కడ ఎన్ని వాట్స్ ఆర్‌ఎంఎస్ ఇస్తుంది. దాన్ని బట్టి డీ2నా డీ4నా అన్నది తనంతట తనే తేలిపోతుంది. 1 ఓమ్ మోనోబ్లాక్‌కి ఒక్క సబ్ అయితే డీ2, రెండు అయితే డీ4. నన్నడిగితే షాపుకెళ్లే ముందు ఈ ఒక్క వాక్యం ఫోన్ నోట్స్‌లో రాసి పెట్టుకోండి.

ఇంకో రెండు తప్పులు కూడా చూశాను. 4 ఓమ్స్ సబ్ ఒకటి, 2 ఓమ్స్ సబ్ ఒకటి పారలల్‌లో పెట్టడం: మొత్తం 1.33 ఓమ్స్ అవుతుంది, 2 ఓమ్స్ సబ్‌కి రెండో దానికంటే రెట్టింపు పవర్ పోతుంది. వేర్వేరు సబ్స్ ఒకే యాంప్‌కి కలపొద్దు. రెండోది, డ్యూయల్ కాయిల్ సబ్‌లో ఒక్క కాయిలే కలిపి రెండోది వదిలేయడం. పనిచేస్తుంది కానీ సబ్ తట్టుకునే పవర్ సగానికి పడిపోతుంది, బేస్ కూడా వదులుగా, గట్టిదనం లేకుండా వస్తుంది.

ఫోర్ చానెల్ యాంప్‌ని బ్రిడ్జ్ చేస్తున్నారా?

బడ్జెట్ సెటప్‌లో చాలామంది చేసేది ఇది: ఒకే ఫోర్ చానెల్ యాంప్ కొని, రెండు చానెల్స్ ముందు స్పీకర్లకి, మిగిలిన రెండు చానెల్స్ బ్రిడ్జ్ చేసి సబ్‌వూఫర్‌కి ఇవ్వడం. మంచి ఐడియానే, నా కారులోనూ అదే ఉంది. కానీ యాంప్ మీద '2 ఓమ్ స్టేబుల్' అని చూసి 2 ఓమ్స్ సబ్‌ని బ్రిడ్జ్ చేశారో, అయిపోయింది.

బ్రిడ్జ్ చేసినప్పుడు ఒక చానెల్ ఒక చివర తోస్తుంటే రెండోది ఇంకో చివర లాగుతుంది. బరువుని ఇద్దరు చెరో వైపు పట్టుకున్నట్టు. ఒక్కో చానెల్‌కి కనిపించేది సబ్ ఓమ్స్‌లో సగం. 4 ఓమ్స్ సబ్ బ్రిడ్జ్ చేస్తే ఒక్కో చానెల్‌కి 2 ఓమ్స్, సరిగ్గా హద్దులో. 2 ఓమ్స్ సబ్ బ్రిడ్జ్ చేస్తే ఒక్కోదానికి 1 ఓమ్, హద్దు దాటిపోయింది. అందుకే మాన్యువల్స్‌లో 'స్టీరియో కనీసం 2 ఓమ్స్, బ్రిడ్జ్ కనీసం 4 ఓమ్స్' అని రెండు వేర్వేరు అంకెలుంటాయి. డబ్బా మీద మొదటిదే పెద్దగా కనపడుతుంది.

ఇలాంటి యాంప్‌కి సరైన జోడీ ఒకే కాయిల్ ఉన్న 4 ఓమ్స్ సబ్, లేదా సిరీస్‌లో కలిపిన డీ2. మీ దగ్గర ఇప్పటికే డీ4 ఉంటే పారలల్ పెట్టకండి. సిరీస్‌లో 8 ఓమ్స్ చేసి బ్రిడ్జ్ చేయొచ్చు, పవర్ తగ్గుతుంది కానీ ఏ భయమూ లేదు. లేదా బ్రిడ్జ్ మానేసి ఒక్కో కాయిల్‌ని ఒక్కో చానెల్‌కి ఇవ్వొచ్చు, అప్పుడు రెండు చానెల్స్‌కీ ఒకే మోనో సిగ్నల్ వెళ్లాలి, గెయిన్ రెండిటికీ సమానంగా ఉండాలి. ఈ రెండు పద్ధతుల్లోనూ వచ్చే మొత్తం పవర్ ఒకటే.

తక్కువ ఓమ్స్ అంటే ఎక్కువ సౌండా?

కొంచెం ఎక్కువ. అంతే. వాట్స్ రెట్టింపైతే సౌండ్ 3 డెసిబెల్స్ పెరుగుతుంది. చెవికి 'రెట్టింపు సౌండ్' అనిపించాలంటే సుమారు 10 డెసిబెల్స్ కావాలి, అంటే పది రెట్ల వాట్స్. 300 వాట్స్ నుంచి 600కి వెళ్తే తేడా తెలుస్తుంది గానీ, మీరు ఊహించుకున్నంత కాదు. బాక్స్ లెక్క ప్రకారం సరిగ్గా కట్టించుకుంటే అంతకంటే ఎక్కువ తేడా వస్తుంది, దాని మీద మాత్రం ఎవరూ ఖర్చు పెట్టరు!

పైగా ఓమ్స్ తగ్గే కొద్దీ యాంప్ ఎక్కువ వేడెక్కుతుంది, బ్యాటరీ నుంచి ఎక్కువ లాగుతుంది, సన్నటి వైర్లలో ఎక్కువ వృథా అవుతుంది. బేస్ కొట్టిన ప్రతిసారీ హెడ్‌లైట్లు మసకబారుతుంటే కారు కరెంట్ వ్యవస్థ 'ఇక నా వల్ల కాదు' అంటున్నట్టే. ఒకే వాట్స్ రెండు రకాలుగా దొరుకుతున్నప్పుడు, అంటే 1 ఓమ్ దగ్గర 500 ఇచ్చే యాంప్, 2 ఓమ్స్ దగ్గర 500 ఇచ్చే యాంప్ ధరలు దగ్గరగా ఉంటే, నేను కళ్లు మూసుకుని రెండోది తీసుకుంటాను.

ఫిట్టింగ్ అయ్యాక మీరే చెక్ చేసుకోండి

కోఠి గుజరాతీ గల్లీలో గానీ, మీ ఊళ్లో ఏ ఎలక్ట్రానిక్స్ షాపులో గానీ కొన్ని వందలకే డిజిటల్ మల్టీమీటర్ దొరుకుతుంది. 38 వేల సెటప్‌కి అది చాలా చవకైన ఇన్సూరెన్స్.

యాంప్ ఆఫ్‌లో ఉండగా స్పీకర్ వైర్లు రెండూ యాంప్ నుంచి విప్పండి. మీటర్‌ని 200 ఓమ్స్ రేంజ్‌లో పెట్టి, ముందు రెండు ప్రోబ్స్ ఒకదానికొకటి తాకించండి. 0.3 అనో 0.4 అనో చూపిస్తుంది, అది ప్రోబ్ తీగల సొంత నిరోధం. వచ్చిన రీడింగ్‌లోంచి దాన్ని తీసేయాలి. తర్వాత స్పీకర్ వైర్ల చివరలు కొలవండి. తీసివేత తర్వాత 3.4 దగ్గర వస్తే మీది 4 ఓమ్స్ లోడ్. 1.7 దగ్గర వస్తే 2 ఓమ్స్. 0.9 దగ్గర వస్తే 1 ఓమ్. చవక మీటర్లు 1 ఓమ్ కింద అంత నమ్మదగ్గవి కావు. అందుకని అనుమానం ఉంటే ఒక్కో కాయిల్ విడిగా కొలిచి, ఎలా కలిపారో చూసి, లెక్క మీరే వేసుకోండి. ఏ కాయిల్ అయినా అసలు రీడింగే చూపించకపోతే అది తెగిపోయినట్టు.

ఓమ్స్ తేలితే గెయిన్ కూడా మీటర్‌తోనే పెట్టుకోవచ్చు. కావాల్సిన వాట్స్‌ని ఓమ్స్‌తో గుణించి వర్గమూలం తీయండి, అదే యాంప్ అవుట్‌పుట్ దగ్గర ఉండాల్సిన ఏసీ వోల్టేజ్. 300 వాట్స్, 4 ఓమ్స్ అయితే 1200కి వర్గమూలం, 34.6 వోల్టులు. 500 వాట్స్, 1 ఓమ్ అయితే 22.4. సబ్ వైర్లు విప్పి, ఇంజిన్ ఆన్ చేసి, ఈక్వలైజర్ ఫ్లాట్, బేస్ బూస్ట్ సున్నా పెట్టి, గెయిన్ పూర్తిగా తగ్గించి, స్టీరియో వాల్యూమ్ ముప్పావు వంతు దగ్గర ఉంచి, 50 హెర్ట్జ్ టెస్ట్ టోన్ ప్లే చేయండి. ఫోన్ నుంచి బ్లూటూత్‌లో వేస్తుంటే ఫోన్ వాల్యూమ్ ఫుల్‌లో, ఫోన్‌లోని డాల్బీ, ఈక్వలైజర్ ఆఫ్‌లో ఉండాలి. మీటర్‌ని ఏసీ వోల్ట్స్‌లో పెట్టి యాంప్ స్పీకర్ టెర్మినల్స్ దగ్గర చూస్తూ, ఆ అంకె వచ్చేదాకా గెయిన్ నెమ్మదిగా తిప్పండి. గెయిన్ అంటే వాల్యూమ్ కాదు. ఫుల్ తిప్పితే సిగ్నల్ క్లిప్ అవుతుంది, చిన్న యాంప్ కూడా పెద్ద సబ్‌వూఫర్ కాయిల్‌ని కాల్చేది అలాగే.

మా తమ్ముడి సంగతికొస్తే, యాంప్‌ని హైదరాబాద్ తెచ్చి రిపేర్ చేయించాం. అవుట్‌పుట్ మాస్‌ఫెట్లు మార్చారు, మూడున్నర వేలు. సబ్‌వూఫర్లకి ఏమీ కాలేదు, నాలుగు కాయిల్స్ విడివిడిగా కొలిస్తే అన్నీ 1.7 చూపించాయి. డిక్కీలో కూర్చుని ఒక్కో సబ్‌లో కాయిల్స్ సిరీస్ చేసి, రెండు సబ్స్ పారలల్ చేశాం. రీడింగ్ 1.7, అంటే 2 ఓమ్స్. అప్పుడు మాన్యువల్ తీసి చూస్తే, ఆ యాంప్ 2 ఓమ్స్ దగ్గర ఇచ్చేది 600 వాట్స్ ఆర్‌ఎంఎస్. వాడి సబ్‌వూఫర్లు తట్టుకునేది ఒక్కోటి 300. సరిగ్గా సరిపోయింది! అంటే వాడికి అర ఓమ్ కాదు కదా, 1 ఓమ్ కూడా మొదటినుంచీ అవసరమే లేదు.

గెయిన్ 34.6 వోల్టుల దగ్గర పెట్టాం. పాట వేశాక వాడు కాసేపు విని, "అన్నా, మొన్నటి కంటే జర తక్కువ కొడతాంది కదా?" అన్నాడు. మూడు పాటలయ్యాక యాంప్ మీద చెయ్యి పెట్టి చూశాడు. గోరువెచ్చగా ఉంది. వాల్యూమ్ ఇంకో రెండు పాయింట్లు పెంచి డిక్కీ మూసేశాడు.